నేల అమ్మే సర్కారు నీటిని కాయగలదా?

ఆకాశం నల్లబడితే చాలు, సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసుల నుంచి ఐటీ కంపెనీలకు కబురు వెళ్తుంది. ఉద్యోగులందరినీ ఒకేసారి వదలొద్దు, వీలైతే ఇంటి నుంచే పని చేయించండి అని. 2023 జులై చివరి వారంలోనైతే మధ్యాహ్నం మూడింటికి కొన్ని ప్రాంతాలవారు, నాలుగున్నరకు మరికొందరు, మూడు నుంచి ఆరింటి మధ్య మిగతావారు బయల్దేరాలంటూ ఏకంగా వేళలే ప్రకటించాల్సి వచ్చింది. 2023-24లో రూ.2.68 లక్షల కోట్ల ఐటీ ఎగుమతులు చేసిన రాష్ట్రానికి గుండెకాయ లాంటి ప్రాంతం ఇది. గంటసేపు గట్టి వాన పడితే ఎందుకు చేతులెత్తేస్తోంది? ఏటా జూన్ నుంచి అక్టోబరు దాకా వినిపించే ప్రశ్న. జవాబులూ ఏటా అవే. చెరువులు కబ్జా అయ్యాయంటారు కొందరు. వాతావరణం మారిపోయిందంటారు ఇంకొందరు. ఊరు ఊహించనంత వేగంగా పెరిగిపోయింది, మేం మాత్రం ఏం చేస్తామంటారు పాలకులు. మొదటి రెండు జవాబుల్లో నిజముంది. మూడోది నిజం కాదు. ఈ ప్రాంతం దానంతటది పెరగలేదు. ప్రభుత్వమే హద్దు గీసి, మినహాయింపులిచ్చి, వేలంపాటలు పెట్టి పెంచింది. పాతికేళ్లుగా ఇక్కడి నేలకు అతిపెద్ద అమ్మకందారు ప్రభుత్వమే. ఇక్కడి చెరువుకు, నాలాకు కాపలాదారూ ప్రభుత్వమే. ఈ రెండు పనులూ ఒకే చేతిలో ఉన్నంతకాలం కాపలా ఓడిపోతూనే ఉంటుంది.

ఐటీ రాకముందు అక్కడ ఏముందని అడిగితే, బండరాళ్లు తప్ప ఏమీ లేవని ఇప్పటికీ చాలామంది అంటారు. తప్పంతా ఆ మాటలోనే ఉంది. దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ మీద కూర్చున్న నేల ఇది. భూమి లోపల నీళ్లు నిలిచేది రాతి పగుళ్లలోనే. అందుకే పూర్వం ఇక్కడివాళ్లు వాననీటిని మెట్టుమెట్టుకూ ఆపుకొన్నారు. గుట్ట మీద పడ్డ వాన కిందికి జారుతుంది. గుట్ట దిగువన పశువులు మేసే కంచ ఆ ఉరవడిని తగ్గించి, కొంత నీటిని ఇంకించుకుంటుంది. మిగిలింది కుంటకు చేరుతుంది. కుంట నిండి మత్తడి దుంకితే ఆ నీరు కాలువ పట్టి కింది చెరువుకు పోతుంది. తూము తెరవడానికి, కట్ట కాయడానికి ఊరికో నీరటి ఉండేవాడు. మాదాపూర్, రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, నల్లగండ్ల, కోకాపేట ఊళ్లన్నీ ఈ గొలుసు మీద నిలిచినవే. ఒకనాడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు ఈ గొలుసులో ఒక కడియం. గుట్టకు ఒక పని, కంచకు ఒక పని, చెరువు శిఖానికి ఒక పని. రెవెన్యూ పహాణీల్లో వాటి పేర్లు వేర్వేరుగానే ఉన్నాయి. పరిశ్రమలకు భూములు వెతికే అధికారి బల్ల మీదికి వచ్చేసరికి మాత్రం అన్నిటికీ ఒకటే పేరు మిగిలింది: సర్కారీ భూమి. ఎవరి పేరు మీదా లేదు కాబట్టి ఖాళీ. ఖాళీ కాబట్టి ఇచ్చేయొచ్చు.

ఇవ్వడం ఎలా మొదలైందో గుర్తు చేసుకోవాలి. మలేసియా 1990ల మధ్యలో కౌలాలంపూర్ పక్కన మల్టీమీడియా సూపర్ కారిడార్‌కు శ్రీకారం చుట్టి, 1997లో సైబర్‌జయ నగరాన్ని ప్రారంభించింది. ఆ నమూనా అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి బాగా నచ్చింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి చేతుల మీదుగా సైబర్ టవర్స్ మొదలైంది. 2001లో దాదాపు 52 చదరపు కిలోమీటర్ల పరిధితో సైబరాబాద్ అభివృద్ధి ప్రాధికార సంస్థ పుట్టింది. ఐటీ విధానాల్లో కంపెనీలకు అవి ఇచ్చే ఒక్కో ఉద్యోగానికి రూ.20 వేల చొప్పున భూమి ధరలో రాయితీ ఇచ్చారు. నివాస ప్రాంతాల్లో ఆఫీసులు పెట్టుకునేలా జోనింగ్ నిబంధనలు సడలించారు. జనరేటర్లు తప్ప మిగతా విషయాల్లో కాలుష్య నియంత్రణ నిబంధనల నుంచి మినహాయించారు. పొగగొట్టం లేని పరిశ్రమకు కాలుష్య చట్టం దేనికన్నది నాటి తర్కం. పొగగొట్టం లేని మాట నిజమే. కానీ ఒక్క ప్రాంగణంలో పదివేల మంది పనిచేస్తే వాళ్లు వాడే నీరు, వదిలే మురుగు, ఎక్కే వాహనాలు, నడిచే ఏసీలు బయటకు తోసే వేడి, వాళ్లుండడానికి కట్టే అపార్ట్‌మెంట్లు ఎవరి లెక్కలోకి రావాలి? కంపెనీ లెక్కలోకి రాలేదు. అప్పట్లో లక్షన్నర జనాభా ఉన్న శేరిలింగంపల్లి మున్సిపాలిటీ ఆ బరువు మోసే స్థితిలో లేదు. 2007లో అది జీహెచ్‌ఎంసీలో కలిసేనాటికే ఈ ప్రాంతపు రూపురేఖలు ఖరారైపోయాయి.

రెండో మలుపు 2006 నాటి జీవో 86. స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న పరిమితిని హైదరాబాద్‌లో ఆ జీవో ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, అగ్నిమాపక నిబంధనలు సరిపోతే చాలు, ఎంత ఎత్తయినా లేపొచ్చు. దేశంలోని మరే మహానగరంలోనూ ఇంతటి వెసులుబాటు లేదు. దీన్ని సమర్థించేవారి వాదన తోసిపుచ్చదగ్గది కాదు. ముంబయి దశాబ్దాలపాటు అంతస్తుల్ని కట్టడి చేసి సాధించింది ఆకాశాన్నంటిన ఇళ్ల ధరలు, దూరాభారపు ప్రయాణాలు. హైదరాబాద్‌లో మధ్యతరగతి ఉద్యోగి ఇప్పటికీ అపార్ట్‌మెంట్ కొనగలుగుతున్నాడంటే నిర్మాణానికి దొరికిన ఈ స్వేచ్ఛ కూడా ఒక కారణం. ఒకే చోట ఎక్కువమంది ఉంటే భూమి ఆదా అవుతుంది, మెట్రో గిట్టుబాటవుతుంది, కంపెనీలకు మనుషులు దొరుకుతారు. రాష్ట్రంలో ఐటీ ఉద్యోగాలు 2013-14లో 3.23 లక్షలుండగా, పదేళ్లకు 9.46 లక్షలయ్యాయి. పల్లె నుంచి వచ్చిన ఎన్ని వేల కుటుంబాల తలరాతను ఆ ఉద్యోగాలు మార్చాయో నాకు తెలుసు. అందుకే ఊరు పెరగడం ఆపాలనేవారితో నేను ఏకీభవించను. సాంద్రత శత్రువు కాదు. పైపు, కాలువ, బస్సు లేని సాంద్రతే శత్రువు. యాభై అంతస్తులు దాటిన భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు దాని ముందున్న రోడ్డు ఎన్ని అడుగులో కొలుస్తారు. దాని మురుగు ఏ పైపులోకి పోతుంది, దాని మీద పడ్డ వాన ఏ కుంటకు చేరుతుంది, ఆ కుంటకు ఇంకా ఎంత చోటు మిగిలింది అన్న లెక్కలు మాత్రం అనుమతిని ఆపే లెక్కలు కావు.

ఇక్కడ బ్రెజిల్ అనుభవం పనికొస్తుంది. సావో పాలో నగరం 2014 మాస్టర్ ప్లాన్‌లో నగరమంతటికీ ఒకటే ప్రాథమిక హక్కు నిర్ణయించింది: స్థలం ఎంతో అంతే నిర్మాణం. ఆపైన కట్టాలంటే నగరానికి డబ్బు చెల్లించి హక్కు కొనుక్కోవాలి, అదీ ఒక గరిష్ఠ పరిమితి దాకానే. కొన్ని ప్రత్యేక ప్రాంతాల్లో ఈ హక్కుల్ని పత్రాలుగా వేలం వేస్తారు. అలా వచ్చిన సొమ్మును అదే ప్రాంతంలోని రోడ్లు, కాలువలు, పేదల ఇళ్ల మీదే ఖర్చు పెట్టాలి. అక్కడా లోపాలున్నాయి. ధరలు పెరిగి పేదల్ని బయటకు నెట్టేశాయన్న విమర్శ ఉంది. అయినా ఒక మూలసూత్రం నిలిచింది. అంతస్తు పెరిగితే దాని విలువలో నగరానికి వాటా ఉంది, ఆ వాటా ఏ నేల మీద పుట్టిందో ఆ నేలకే తిరిగి రావాలి. మనదగ్గర ఎత్తయిన భవనాలకు ఇంపాక్ట్ ఫీజు ఉంది. కానీ కోకాపేటలో పుట్టిన ఆ సొమ్మంతా కోకాపేటకే ఖర్చు కావాలన్న కట్టుబాటు లేదు.

మనం అమ్ముకున్నది అంతస్తుల్ని కాదు, నేలనే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. 45 ఎకరాలకు రూ.3,300 కోట్లకు పైగా వచ్చాయి. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం రూ.177 కోట్లకు చేరింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును 2023లో 30 ఏళ్లకు రూ.7,380 కోట్లకు లీజుకిచ్చారు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఈ అలవాటు మారలేదు. వేలంపాట రికార్డును విజయంగా ప్రకటించని ముఖ్యమంత్రి ఈ పాతికేళ్లలో దాదాపు లేరు. ఆ డబ్బు సంక్షేమానికే వాడుతున్నారనుకున్నా, ఖజానా ఒకసారి వేలానికి అలవాటు పడితే కొత్త నేల వెతుక్కోక తప్పదు. చైనాలో స్థానిక ప్రభుత్వాలు దశాబ్దాలపాటు భూమి హక్కులు అమ్మి రోడ్లు, మెట్రోలు కట్టాయి. 2021లో ఎవర్‌గ్రాండ్ కుప్పకూలి స్థిరాస్తి మార్కెట్ చల్లబడగానే ఆ రాబడి ఎండిపోయి, అప్పులు మిగిలాయి. భూమి ఒకేసారి అమ్ముడయ్యే సరుకు. కాలువ మరమ్మతు, చెరువు పూడిక, బస్సు నడపడం ఏటేటా వచ్చే ఖర్చులు. ఏటేటా వచ్చే ఖర్చుకు ఒక్కసారి వచ్చే రాబడిని నమ్ముకున్న కుటుంబం ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

కంచ గచ్చిబౌలి గొడవను ఈ వెలుగులో చూడాలి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాలు అవి. 2003లో ఒక క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేస్తే, ఆ వ్యాజ్యం 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ప్రభుత్వం పక్షాన తేలింది. ఆ భూమి ఆధారంగా బాండ్ల ద్వారా దాదాపు రూ.10 వేల కోట్లు సమీకరించారు. 2025 ఉగాది పండగ పూట అక్కడ బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని ఆపేనాటికి దాదాపు 100 ఎకరాల్లో చెట్లు నేలకూలాయి. ప్రభుత్వం పదేపదే చెప్పిన మాట, ఆ భూమి విశ్వవిద్యాలయానిది కాదు, సర్కారుది అని. యాజమాన్యం మీద ఆ మాట సరైనదే కావచ్చు. కానీ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికితే, ఏం చేస్తోందన్న ప్రశ్న అడగనక్కర్లేదా? అది కంచ. పేరులోనే దాని పని రాసి ఉంది. నెమళ్లు, జింకలు, కుంటలు, గుండ్లు ఉన్న ఆ నేలే, చుట్టూ కాంక్రీటు పరుచుకున్నాక ఆ ప్రాంతంలో వానను పీల్చుకునే చోటుగా మిగిలింది. సర్కారుది కాబట్టే దాన్ని కాపాడడం సులువు. సర్కారుది కాబట్టే అమ్మడమూ సులువు. రెండింటిలో ఏది గెలిచిందో ఉగాది నాడు చూశాం.

వాన లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఎకరం నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 40 వేల లీటర్లు. జలమండలి ట్యాంకరు 5 వేల లీటర్లది. అంటే సెంటీమీటరుకు ఎనిమిది ట్యాంకర్లు. ఐదు సెంటీమీటర్లు పడితే ఎకరానికి 40 ట్యాంకర్ల నీరు. మట్టి నేలయితే అందులో చెప్పుకోదగ్గ భాగం ఇంకుతుంది. సెల్లారు కోసం బండను 40 అడుగుల లోతు పేల్చి, పైన సిమెంటు పరిచిన ప్రాంగణంలో దాదాపు అంతా గేటు దాటి రోడ్డు మీదికి వస్తుంది. నగరంలోని వాననీటి కాలువలు గంటకు రెండు సెంటీమీటర్లకు మించి తట్టుకోలేవని అధికారులే చాలాసార్లు చెప్పారు. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసి నగరం మునిగాక, కిర్లోస్కర్ సంస్థతో నాలాల మీద అధ్యయనం చేయించారు. 2003లో నివేదిక వచ్చింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడి మళ్లీ మునిగినప్పుడు కూడా ఆ నివేదిక గురించే మాట్లాడుకున్నాం. మధ్యలో 17 ఏళ్లు గడిచాయి. ఈ 17 ఏళ్లలోనే గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా నేల మీద సిమెంటు పరుచుకుంది.

అదే ప్రాంగణం మార్చి రాగానే దాహంతో అల్లాడుతుంది. 2024 వేసవిలో పశ్చిమ హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల ముందు అర్ధరాత్రి దాటాక కూడా ట్యాంకర్లు బారులు తీరాయి. బోర్లు వెయ్యి అడుగులు దింపినా గాలే వచ్చింది. జూన్‌లో ఎకరానికి 40 ట్యాంకర్ల చొప్పున నీటిని రోడ్డు పాలు చేసి, ఏప్రిల్‌లో ట్యాంకరు ట్యాంకరుకూ డబ్బు కట్టడం అక్షరాలా ఒకే తప్పుకు రెండు శిక్షలు. జకార్తా ఈ దారిలో ఎంత దూరం పోయిందో తెలిసిందే. పైపు నీళ్లందని జనం, భవనాలు భూగర్భ జలాన్ని తోడేసి ఉత్తర భాగం కుంగిపోతుంటే, ఇండొనేసియా 2022లో చట్టం చేసి రాజధానినే బోర్నియో దీవికి మార్చ తలపెట్టింది. మన గ్రానైట్ కుంగదు, అది మన అదృష్టం. కానీ ఖాళీ అయిన రాతి పగులు తిరిగి నిండాలంటే పైన మట్టి కనబడాలి. కృష్ణా నీళ్లను నూరు కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్లను ఎల్లంపల్లి నుంచి ఇంకా దూరం పంపులతో ఎత్తి తెస్తున్నాం. ఆ దూరానికి కరెంటు బిల్లుంది. ఆ నీళ్ల మీద హక్కున్న రైతులున్నారు. నగరానికి చెరువు అక్కర్లేదని ఎవరైనా అంటే, ఆ బరువు నల్లగొండ, పెద్దపల్లి మోస్తున్నాయని గుర్తుంచుకోవాలి.

జీవో 111 చర్చలో ఈ మతిమరుపు మరీ స్పష్టంగా కనిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరివాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాల్ని కట్టడి చేస్తూ 1996లో తెచ్చిన ఆ ఉత్తర్వును 2022 ఏప్రిల్‌లో జీవో 69తో సడలించారు. కారణం ఏం చెప్పారు? ఒకప్పుడు నగర నీటిలో పావు వంతుకు పైగా ఇచ్చిన జంట జలాశయాల వాటా ఇప్పుడు 1.25 శాతం కూడా లేదని. కానీ ఆ జలాశయాలు కట్టింది తాగునీటికి మాత్రమే కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద దాదాపు 15 వేల మందిని పొట్టనపెట్టుకుంటే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఆ వరదకు కళ్లెంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 2025 సెప్టెంబరు చివర గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చిన రాత్రి, ఆ జలాశయాలు ఎందుకున్నాయో నగరం మళ్లీ చూసింది. వాటి ఎగువన ఇంకింత సిమెంటు పరిస్తే వరద ఇంకా త్వరగా, ఇంకా ఎక్కువగా వచ్చి చేరుతుంది. తాగేది 1.25 శాతమే కదా అన్న లెక్కలో ఆ వరదకు చోటేలేదు.

చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా ఈ కథలో కొత్త అధ్యాయం. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట పక్కన ఒక సినీ నటుడికి చెందిన ఎన్ కన్వెన్షన్ హాలును కూల్చినప్పుడు నగరంలో చాలామంది హర్షించారు. ఇన్నాళ్లకు పెద్దవాళ్ల మీదికి పోయారన్న సంతోషం అది. నేనూ దాన్ని స్వాగతించాను. కొద్ది రోజులకే సున్నం చెరువు దగ్గర నేలమట్టమైన వాటిలో రేకుల షెడ్లు, గుడిసెలు ఉన్నాయి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న సంపన్న కాలనీలకు నోటీసులు అందాయి, వ్యవహారం కోర్టుకు చేరింది. కోర్టు తలుపు తట్టే తాహతు ఉన్నవాడికి ఒక రకం సమయం, లేనివాడికి ఒక రకం. కెన్యాలో 2024 వరదల తర్వాత నైరోబీ నదుల వెంట 30 మీటర్ల లోపు ఇళ్లను తొలగిస్తూ మథారే, ముకురు మురికివాడల మీదికి బుల్డోజర్లు పోయినప్పుడు అక్కడి మానవహక్కుల సంఘాలు అడిగిందీ ఇదే: నది ఒడ్డున గుడిసె నేరమైతే, అదే ఒడ్డున అనుమతి పత్రంతో లేచిన భవంతి మాటేమిటి? మనదగ్గర జీవో 168 ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ ఉండాలి. కానీ చాలా చెరువులకు ఆ ఎఫ్‌టీఎల్ గీతే ఏళ్ల తరబడి ఖరారు కాలేదు. హెచ్‌ఎండీఏ పరిధిలోని మూడు వేల పైచిలుకు చెరువుల్లో 2024 నాటికి తుది నోటిఫికేషన్ వచ్చినవి కొన్ని వందలే. గీత లేని చోట ఇల్లు కట్టుకున్నవాడికి అనుమతి, విద్యుత్తు మీటరు, బ్యాంకు రుణం, రిజిస్ట్రేషన్ అన్నీ దొరుకుతాయి. పదిహేనేళ్ల తర్వాత గీత వస్తుంది, వెంట బుల్డోజరు వస్తుంది. మధ్యలో సంతకాలు పెట్టినవారి పేర్లు ఎక్కడా రావు. హైటెక్ సిటీ నడిబొడ్డున గురుకుల్ ట్రస్టుకు చెందిన 627 ఎకరాల వివాద భూమిలో అయ్యప్ప సొసైటీ ఏళ్ల తరబడి ఎలా పైకి లేచిందో అందరికీ కనిపిస్తూనే ఉంది. కొత్త ఉద్యోగానికి ఊరినుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా దిగేది అక్కడి హాస్టళ్లలోనే. నిబంధనల ప్రకారం కట్టిన చోట అద్దె వాళ్లకు అందనంత ఎత్తున ఉంది కాబట్టి.

సుందరీకరణ పథకాలతో చెరువులకు జరిగిన నష్టాన్ని సరిచేయొచ్చన్న ఆశ కూడా బలంగా ఉంది. చైనాలోని ఝెంగ్‌ఝౌ నగరం ‘స్పాంజి నగరం’ కార్యక్రమం కింద భారీగా ఖర్చు చేసింది. 2021 జులై 20న అక్కడ ఒక్క గంటలో 20 సెంటీమీటర్ల వాన పడితే భూగర్భ మెట్రోలో జనం మెడలోతు నీళ్లలో చిక్కుకున్నారు, నగరంలో వందల మంది చనిపోయారు. అలాంటి వానను ఏ నగరమూ పూర్తిగా ఆపలేదు, నిజమే. కానీ పాత నీటి చోట్లను పోగొట్టుకుని పార్కులతో, నీరింకే టైళ్లతో భర్తీ చేయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మన దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో ప్రారంభమైన కేబుల్ వంతెనకు రాత్రిపూట రంగురంగుల దీపాలు వెలుగుతాయి. కుటుంబాలు వచ్చి ఫొటోలు దిగుతాయి. అందులో తప్పేమీ లేదు. నడకదారి మీద ఒక్క క్షణం ఆగి కిందికి చూడండి. నీళ్ల అంచున తేలుతున్న గుర్రపుడెక్క, నురగ, ఎండాకాలం సాయంత్రాల్లో ముక్కు మూసుకోవాల్సిన వాసన. చెరువుకు పై నుంచి వచ్చే వాననీటి దారి మూసుకుపోయి, మురుగు దారి తెరుచుకుంటే మిగిలేది అదే.

ఈ పెరుగుదల వల్ల సమాజం మీద పడిన ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు మనం ఐటీ ఉద్యోగి దగ్గరే ఆగిపోతాం. ఈ ప్రాంతాన్ని చేతులతో కట్టినవాళ్లు మనకు కనబడరు. 2020 మే 1న తెల్లవారుజామున దేశంలో తొలి శ్రామిక్ రైలు కదిలింది లింగంపల్లి స్టేషన్ నుంచే. దాదాపు 1,200 మంది వలస కార్మికులతో ఝార్ఖండ్‌లోని హతియాకు వెళ్లింది. అంతకు రెండు రోజుల ముందు కంది దగ్గర ఐఐటీ నిర్మాణ కార్మికులు జీతాలివ్వండి, ఇంటికి పంపండి అని రోడ్డెక్కారు. ఇన్నేళ్లుగా మన ఆకాశహర్మ్యాలు కడుతున్నవాళ్లు ఎంతమంది, ఎక్కడుంటున్నారు అన్నది పాలకులకు ఆ వారంలోనే తట్టింది. కార్మికులకు పనిచోట ఉచితంగా తాత్కాలిక నివాసం, వంటకు, స్నానానికి చోటు ఇవ్వాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. కోకాపేటలో ఏ సైటు వెనక్కు వెళ్లినా కనిపించేది నీలం రేకుల షెడ్ల వరస. ఒక్కో గదిలో ఆరేడుగురు, బయట ప్లాస్టిక్ డ్రమ్ములో ట్యాంకరు నీళ్లు, డ్రమ్ము పక్కనే ఆడుకునే పసిపిల్లలు. ఒకప్పుడు దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల పక్కనే ఇప్పుడు ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ కూలీలు చేరారు. బడి ఉంటే తెలుగు మీడియం లేదా ఇంగ్లిష్ మీడియం. ఒడియా మాట్లాడే పిల్ల ఏ బడికి పోవాలి? భవనం పూర్తయ్యాక షెడ్డు తీసేస్తారు, కుటుంబం ఇంకో సైటుకు. ఆ పాప పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లదీ దాదాపు ఇదే పరిస్థితి. పది వేల ఫ్లాట్లకు అనుమతి ఇచ్చినప్పుడు, వాటిలో వంట చేసే, గిన్నెలు తోమే, కాపలా కాసే వాళ్లు ఎక్కడుంటారన్న ప్రశ్న ఏ ప్లానులోనూ ఉండదు. బోరబండ, అల్లాపూర్, సిద్దిక్‌నగర్, అంజయ్యనగర్ బస్తీలే వాళ్లకు దిక్కు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వాళ్లకు నిజంగా ఆసరా అయింది. అయితే బస్సు ఉండాలిగా. కోటి జనాభా నగరానికి సిటీ బస్సులు మూడు వేల లోపే. బెంగళూరులో ఆరు వేలకు పైగా తిరుగుతున్నాయి. మెట్రో 2019 చివరికి రాయదుర్గం చేరి అక్కడే ఆగింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట ఆ తర్వాత కూడా పెరుగుతూనే వచ్చాయి. ఈ మధ్యకాలంలో కట్టిన ప్రతి ఫ్లైఓవరూ రెండేళ్లు ఊపిరి పోసి, ఆ తర్వాత రద్దీని తర్వాతి కూడలికి మోసుకుపోయింది. 2013 అక్టోబరులో ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై జరిగిన అఘాయిత్యం తర్వాతి ఏడాది షీ టీమ్స్ ఏర్పాటుకు దారితీసింది. పోలీసు గస్తీ పెరిగింది, మంచిదే. రాత్రి పదకొండింటికి నమ్మకంగా వచ్చే బస్సు కూడా భద్రతే.

2018 ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2050 నాటికి భారత నగరాల్లో అదనంగా 41 కోట్ల మందికి పైగా చేరతారు. హైదరాబాద్ పెరగడం ఆగదు. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలక సంస్థల్ని జీహెచ్‌ఎంసీలో కలపడంతో దాని విస్తీర్ణం మూడింతలైంది. శంషాబాద్, పటాన్‌చెరు, ఆదిభట్ల వైపు ఇంకా గుట్టలున్నాయి, కంచలున్నాయి, మత్తడి దుంకే చెరువులున్నాయి. మాదాపూర్‌లో పోయినదాన్ని తిరిగి తేవడం కష్టం, ఆ శివార్లలో ఉన్నదాన్ని నిలుపుకోవడం ఇప్పటికీ చేతిలో ఉన్న పనే. అందుకు మొదట కావలసింది వేరుపాటు. చెరువుల హద్దులు నిర్ణయించే సంస్థకు, భూములు అమ్మే టీజీఐఐసీకి, హెచ్‌ఎండీఏకు సంబంధం ఉండకూడదు. హైడ్రాకు చట్టబలం, జలవనరుల నిపుణులు, శాసనసభకు జవాబు చెప్పే బాధ్యత మూడూ ఇవ్వాలి. కూల్చే అధికారంతో పాటు అమ్మకాన్ని ఆపే అధికారమూ దానికి ఉండాలి. ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ రాని చెరువు పరివాహకంలో ప్రభుత్వం ఒక్క ఎకరం కూడా వేలం వేయకూడదు. ఈ ఒక్క నిబంధన పెడితే చాలు, ఏళ్లుగా నత్తనడక నడిచిన సర్వేలు నెలల్లో పూర్తవుతాయని నా నమ్మకం, ఎందుకంటే అప్పుడు ఖజానాకే తొందర ఉంటుంది. అంతస్తుల హక్కుకు సావో పాలో తరహాలో ధర కట్టి, ఆ సొమ్మును అదే నీటి పరివాహకంలో కాలువలకు, మురుగు శుద్ధికి, కార్మికుల అద్దె ఇళ్లకు కేటాయించాలి. వందలకొద్దీ ఫ్లాట్లు కట్టే సంస్థ ఆ ఫ్లాట్లలో పనిచేసేవారికి నడక దూరంలో కొన్ని గదులు కట్టాలనడం అత్యాశ కాదు. కార్లకు ఎన్ని అడుగులు వదలాలో నిబంధన పెట్టగలిగిన ప్రభుత్వం మనుషులకూ పెట్టగలదు.

వీటన్నిటికీ చట్టాలు మారాలి, సమయం పడుతుందంటారేమో. రేపే చేయదగ్గది ఒకటుంది. తర్వాతి వేలం ప్రకటనలో ప్లాటు కొలతలు, రోడ్డు వెడల్పు, కనీస ధర ఇచ్చే పేజీ పక్కనే ఇంకో పేజీ చేర్చాలి. ఈ నేల మీదికి వాననీరు ఏ గుట్ట నుంచి వస్తోంది, ఎటు పోతోంది, కింద ఏ కుంట దానికోసం ఎదురుచూస్తోంది అన్న పటం అది. పాత టోపోషీట్లలో, ఊరి నక్షాల్లో ఆ గీతలన్నీ ఉన్నాయి. చూడాలనుకుంటే సర్వే శాఖ బీరువాలోనే ఉన్నాయి.